బోర్లించిన గంప

కొత్తగా ఈ పనిలో చేరినవాళ్ళు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "మేడమ్, మాట రాని పిల్లల కోసం బొమ్మల కార్డులు చేయిస్తున్నాం. ఏ సైజు బాగుంటుంది? రంగులవా, నలుపు తెలుపువా? లామినేషన్ చేయించాలా?" అని అడుగుతారు. "అవన్నీ తర్వాత. వాగు పొంగిన రోజున ఏ కార్డు చూపిస్తారో అది ముందు చెప్పండి" అంటాను నేను. రిటైరయ్యాక పెద్దావిడకి మతి చలించిందనుకుంటారో ఏమో. అనుకోనీండి. ఆ ఒక్క కార్డు లేక మేం ఎలాంటి రోజు చూశామో వాళ్ళకి తెలియదు. అందుకే ఒక్కసారి కూర్చుని రాసి పెడుతున్నాను. ఇకపై ఎవరడిగినా ఇది చదువుకోమని చెప్పి ఫోన్ పెట్టేస్తాను.

నేను పుట్టి పెరిగింది బస్తర్ వైపు కిరండూల్లో. గనిలో పని కోసం మా నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో మా వైపు తెలుగు, వీధిలో హిందీ, బజార్లో హల్బీ. ప్రత్యేక అవసరాల పిల్లల టీచరుగా శిక్షణ అయ్యాక బస్తర్ అంతా తిరిగి తిరిగి, ఆఖరి పోస్టింగ్‌కి ఉసూరు బ్లాకులో పడ్డాను. బాసగూడ దాటి లోపలికి పోతే ఒక ఆడపిల్లల హాస్టల్ బడి. "ఇంకెంతమ్మా, కాస్త కాలం కళ్ళు మూసుకుంటే రిటైర్మెంట్" అన్నాడు ఆర్డరు చేతికిచ్చినాయన. ఆ మాటన్న మనిషిని ఒక్క పూట ఆ హాస్టల్లో కూర్చోబెట్టాలని నాకు ఇప్పటికీ కోరికగా ఉంటుంది.

ఆ బడిలో నాతో పాటు ఇద్దరి గురించి చెప్పాలి. ఒకావిడ హాస్టల్ అధీక్షిక, అంటే పిల్లల బాగోగులన్నీ చూసే వార్డెనమ్మ. రాయపూర్ వైపు మనిషి. గొంతు విప్పితే పక్క ఊళ్ళో మేకలు కూడా బెదిరేవి. బొడ్లో తాళాల గుత్తి, నోట్లో ఎప్పుడూ బాధ్యత గురించి ఒకే మాట: "జిమ్మేదారీ ఎవరిది? నాదే కదా!" ఇంకొకరు జగదల్‌పూర్ నుంచి కాంట్రాక్టు మీద వచ్చిన టీచరమ్మాయి. అందరూ చిన్న మేడమ్ అనేవాళ్ళు. చదువు, ఓపిక రెండూ ఉన్న పిల్ల. బొమ్మలు బాగా వేసేది. భయం కూడా బాగానే ఉండేది, ఆ విషయంలో నాకేం తీసిపోయేది కాదు.

ఇక ఆ పిల్ల. పదేళ్ళుంటాయేమో. "పెద్ద వాన కొట్టిన ఏడు పుట్టింది" అని మాత్రమే చెప్పేది వాళ్ళ అవ్వ. తల్లిదండ్రులు మిర్చి తోటల పనికని గోదావరి దాటి పోయి, ఏడాదిలో సగం అక్కడే ఉండేవాళ్ళు. పెంచిందంతా అవ్వే. పిల్లకి మాట రాలేదు. పెద్దాసుపత్రిలో ఆటిజం అని రాసిచ్చారు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడదు. గట్టిగా పిలిస్తే చెవులు మూసుకుంటుంది. ఇంకా గట్టిగా పిలిస్తే లేచి పరిగెడుతుంది. మనం వెనక పడ్డామా, ఇక ముందు ఏముందో చూడదు. గొయ్యి కానీ, గొడ్డు కానీ, ట్రాక్టరు కానీ. ఒకసారి నిజంగానే ట్రాక్టరుకి అడ్డం పోయింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు కాబట్టి సరిపోయింది.

ఆ రోజు నుంచి అధీక్షిక తన మంచాన్ని పిల్ల మంచం పక్కకి జరుపుకుంది. తెల్లారి నన్ను పిలిచి, "మేడమ్, నాకు ఈ పిల్ల మీద కోపం లేదు. కానీ నాకు నిద్ర లేదు. ఇంకొక్కసారి ఇలా జరిగితే ఇంటికి పంపించేస్తాను. అక్కడైతే వాళ్ళ అవ్వ చూసుకుంటుంది" అంది. అవ్వ పొలానికీ అడవికీ పోతే పిల్లని గుంజకి కట్టేసి పోవాల్సి వచ్చేదని మాకిద్దరికీ తెలుసు. బడికి వచ్చిన కొత్తలో పిల్ల కాలి మడమ దగ్గర తాడు ఒరుసుకున్న మచ్చ ఉండేది. అవ్వని తప్పు పట్టకండి. కట్టెయ్యకపోతే అడవిలో ఎక్కడ వెతుక్కుంటుంది? ఇంటికి పంపడమంటే మళ్ళీ ఆ తాడే. నేను "సరే" అన్నాను కానీ, ఆ క్షణం నుంచి హాస్టల్ గేటు చప్పుడైతే చాలు లేచి పోయి చూసేదాన్ని.

మాట రాని పిల్లకి మాట బదులు బొమ్మ ఇవ్వాలి. అది మా చదువులో మొదటి పాఠం. ఆ పని కోసం పైనుంచి అట్టపెట్టెలో కార్డులు వచ్చాయి. నీళ్ళ కార్డు మీద బల్ల మీద గాజు గ్లాసు. అన్నం కార్డు మీద బ్రెడ్డు ముక్కలు. మరుగుదొడ్డి కార్డు మీద తెల్లగా మెరిసే కమోడు. అది చూసి అధీక్షిక, "ఇదేంటి మేడమ్, పెళ్ళిళ్ళలో చేతులు కడుక్కునేదా?" అంది. చిన్న మేడమ్, నేను కడుపుబ్బ నవ్వుకుని ఆ పెట్టెని బీరువా పైకెక్కించాం. మా బోరింగు, మా స్టీలు కంచం, మా ఉయ్యాల, బాత్రూం నీలం తలుపు, అన్నిటికీ ఫోన్లో ఫోటోలు తీసి బీజాపూర్లో ప్రింటు వేయించుకొచ్చాం. గోడకి ఒక గుడ్డ పట్టీ కొట్టాం. చెప్పులకుండే చర్రుమని ఊడే పట్టీ ముక్కలు కార్డుల వెనక అంటించాం. రోజులో ఏది ముందో ఏది వెనకో వరసగా పెట్టడం, అయిపోయిన బొమ్మని పీకి చివరనున్న సంచిలో వెయ్యడం. ఇంతే పని.

ఇంతే పనికి ఎంత కాలం పట్టిందో అడక్కండి. ఒక మధ్యాహ్నం నేను అన్నం తింటూంటే ఎవరో నా మోకాలి మీద ఏదో పెట్టారు. చూస్తే బోరింగు కార్డు. పిల్ల ఎటో చూస్తూ నిలబడి ఉంది. దాహం! నాతో చెప్పింది! ఎంగిలి చేత్తోనే లేచి పరిగెత్తాను. బోరింగు కొడుతుంటే నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ పిల్ల గటగటా తాగేసి, చెయ్యి తుడుచుకుని, నా ఏడుపుతో తనకేం సంబంధం లేనట్టు వెళ్ళిపోయింది.

కానీ ఒక కార్డు మాత్రం ఎంతకీ కుదరలేదు. 'ఈ రోజు లేదు' అని చెప్పే కార్డు. శిక్షణలో ఇచ్చిన గుర్తు, ఎర్ర సున్నా మీద అడ్డగీత. ఉయ్యాల గొలుసు తెగిన రోజు ఉయ్యాల బొమ్మ మీద ఆ ఎర్ర సున్నా పెట్టాం. పిల్ల పోయి తెగిన ఉయ్యాల దగ్గరే నిలబడింది. ఆమె దృష్టిలో ఉయ్యాల బొమ్మ ఉంది, దాని మీద ఒక అందమైన ఎర్ర గాజు కూడా ఉంది. గాజుని ఊడదీసి చేతికి తొడుక్కుందామని చూసింది. "ముందు 'ఉంది' బాగా రానిద్దాం మేడమ్, 'లేదు' తర్వాత నేర్పిద్దాం" అంది చిన్న మేడమ్. పుస్తకాల్లోనూ అదే రాసి ఉంది. సరేనన్నాను. వానాకాలం మాత్రం ఏ పుస్తకమూ చదవదు కదా.

పిల్లకి వారం మొత్తంలో ప్రాణమైన రోజు సంత రోజు. ఆ ఊళ్ళో దాన్ని అంగడి అంటారు. అవ్వ ఊరు వాగుకి అవతల. అంగడి స్థలం వాగుకి ఇవతల, మా బడి వైపు. అవ్వ పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని వాగు దాటి వచ్చేది. ఏ కాలానికి ఏది దొరికితే అది, చింతపండో, వెదురు కొమ్ములో, పుట్టగొడుగులో. మధ్యాహ్నం బడికొచ్చి పిల్లని తీసుకుపోయి పక్కన కూర్చోబెట్టుకునేది. బేరం అయ్యాక పిల్లని మళ్ళీ హాస్టల్లో అప్పగించి వాగు దాటేది. ఇవన్నీ పట్టీ మీద పెట్టాలంటే అవ్వ ఫోటో కావాలి. ఒక అంగడి రోజు ఫోన్ పట్టుకుని నేనే వెళ్ళాను.

"ఏంది మేడం, నాకు పోటో తీస్తవా? నేనేమన్న పెండ్లిపిల్లనా?" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది అవ్వ.

"మీ మనవరాలికి చూపించడానికి అవ్వా. మీరొచ్చే రోజున గోడ మీద పెడతాం."

"గట్లనా? ఆగు మల్ల." కొంగు సర్దుకుంది, గంపని ఒళ్ళోకి లాక్కుంది. "గంప కూడ పడాలె. గంప లేకుంటె నన్ను గుర్తు పడతదో పట్టదో!" పక్కనున్న ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. పిల్ల మాత్రం గంపలో చేతులు పెట్టి పుట్టగొడుగుల్ని ఒక్కొక్కటే తిప్పి చూసుకుంటోంది.

కాసేపటికి గంప ఖాళీ అయింది. అవ్వ దాన్ని నేల మీద బోర్లించి, అడుగున అరచేత్తో టపటపా రెండు దెబ్బలు కొట్టింది. దుమ్ము రాలడానికేమో అనుకున్నాను. అంతే, పిల్ల లేచి నిలబడింది. అవ్వ కొంగు చివర పట్టుకుని హాస్టల్ వైపు తిరిగింది. ఏడుపు లేదు, కేక లేదు. కంచం మారిస్తేనే ఊరు ఎగిరిపోయేలా అరిచే పిల్ల, అంత ఇష్టమైన చోటు నుంచి కిక్కురుమనకుండా లేచింది.

"ఎప్పుడూ ఇలాగే లేస్తుందా అవ్వా?"

"గంప బోర్లిస్తె బేరం అయిపోయినట్టె గద మేడం. ఈ అంగడిల ఎవల్ని అడుగు, గదే చెప్తరు. బోర్లించిన గంప కాడికి ఎవలూ రారు. ఇది చిన్నప్పటి సంది నా పక్కన్నే కూసుంటది, దీనికి తెల్వదా?"

"ఓహో" అన్నాను. ఫోన్ సంచిలో వేసుకుని ఫోటో బాగా వచ్చిందని మురిసిపోతూ బడికొచ్చేశాను. 'లేదు' అనే మాట కోసం నెల రోజులు తల బద్దలు కొట్టుకున్నది నేనే. అది నా కళ్ళముందు బోర్లాపడి ఉంటే "ఓహో" అని వచ్చేసింది కూడా నేనే.

ఆ తర్వాత వానలు ముదిరాయి. ఒక అంగడి ముందు రోజు సాయంత్రం చిన్న మేడమ్ రేపటి పట్టీ సర్దింది. ప్రార్థన, నాస్తా, క్లాసు, ఆ తర్వాత అవ్వ. రాత్రంతా ఎగువన కుండపోత. పొద్దున్న వంటామె గొడుగు దులుపుకుంటూ వచ్చి, రప్టా మీద నీళ్ళొచ్చేశాయని చెప్పింది. రప్టా అంటే వాగుకి అడ్డంగా వేసిన సిమెంటు దారి. ఎత్తూ ఉండదు, పక్కన కమ్మీలూ ఉండవు. వాగు పొంగితే ముందు మునిగేది అదే. రప్టా మునిగితే అవతలి ఊళ్ళవాళ్ళు రాలేరు. వాళ్ళు రాకపోతే అంగడి జరగదు. పట్టీ మీద అవ్వ మాత్రం గంప ఒళ్ళో పెట్టుకుని నవ్వుతూనే ఉంది.

చిన్న మేడమ్, పిల్ల చూడకముందే అవ్వ కార్డు పీకేద్దామని వెళ్ళింది. చర్రుమన్న చప్పుడుకి పిల్ల తిరిగి చూసింది. ఇక చూడాలి! తల గోడకేసి కొట్టుకుంది, మణికట్టు కొరుక్కుంది, అడ్డొచ్చిన చిన్న మేడమ్ చేతినీ కొరికింది. పిల్లలంతా బయటికి పరిగెత్తారు. "ఇచ్చెయ్, ఇచ్చెయ్, ముందు కార్డు ఇచ్చెయ్!" అని అధీక్షిక, నేను ఒకేసారి అరిచాం. కార్డు చేతిలో పడగానే పిల్ల ఊరుకుంది. మూలన కూర్చుని కార్డుని గుండెకి ఆనించుకుని ఊగడం మొదలుపెట్టింది. హమ్మయ్య అనుకున్నాం, గండం గడిచిందనుకున్నాం. అనుకున్నదొకటి, అయ్యిందొకటి. మేం చేసిందేమిటి? లేని అవ్వని 'ఉంది' అని చెప్పి చేతికిచ్చాం. పట్టీ మీద బొమ్మ పెడితే మాట ఇచ్చినట్టే. ఆ మాట నమ్మాలని నెలల తరబడి నేర్పింది మేమే.

మధ్యాహ్నం భోజనానికి పిల్లలు వరసలో కూర్చున్నారు. ఒక కంచం ముందు ఎవరూ లేరు.

బాత్రూంలో చూశాం, మంచాల కింద చూశాం, బియ్యం మూటల వెనక చూశాం. వెనక గేటు గొళ్ళెం తీసి ఉంది. అధీక్షిక తాళాల గుత్తి గుప్పిట్లో బిగించి, "నేను వేశాను మేడమ్, నేనే వేశాను, నా చేత్తో వేశాను" అంటూనే ఉంది. ఎవరు వేశారో ఎవరు తీశారో తేల్చుకునే టైమా అది? చెప్పులు కూడా వేసుకోకుండా అంగడి స్థలానికి పరిగెత్తాం. వాన కాస్త వెలిసింది. ఎప్పుడూ కిటకిటలాడే చోట ఒక్క మనిషి లేడు. అవ్వ కూర్చునే చోట బురదలో చిన్న చిన్న అడుగుల గుర్తులున్నాయి. అటూ ఇటూ తిరిగిన గుర్తులు. ఆ తర్వాత అవి వాగు వైపు పోయాయి.

అధీక్షిక ఆ గుర్తుల్ని చూసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంత గొంతున్న మనిషి, గుసగుసగా "మేడమ్, దేవుడా, మేడమ్" అంది. రప్టా దగ్గర సైకిళ్ళు బాగుచేసే ఒకాయన తన పాక నుంచి మాకు ఎదురొచ్చాడు. "జల్ది రాండ్రి! మీ పొల్ల నీళ్ళల్ల నిలబడ్డది! పిలిస్తె ఇంకింత ముందుకె పోతాంది!" అని అరిచాడు.

పిల్ల రప్టా మీద ఉంది. నీళ్ళు ఎర్రగా, సిమెంటు మీది నుంచి జారి కిందికి దూకుతున్నాయి. ఆమె ఉన్న చోట పాదాలు మునిగాయి. ఇంకాస్త ముందుకు పోతే మోకాళ్ళు. మధ్యలో అయితే ఏనుగు కూడా నిలవదు. ఆమె చేతిలో అవ్వ కార్డు ఉంది. అవతలి గట్టు మీద, ప్లాస్టిక్ పట్టా కప్పుకుని, గంప నెత్తిన పెట్టుకుని, అవ్వే ఉంది! నీళ్ళు తగ్గుతాయేమో, దాటొచ్చేమో అని పొద్దుటి నుంచీ అక్కడే నిలబడిందట. పిల్లకి ఇంకేం కావాలి? బొమ్మ ఏం చెప్పిందో అదే ఎదురుగా కనిపిస్తోంది. గంపతో సహా.

అవ్వ "వద్దు బిడ్డా, రాకు" అని రెండు చేతులూ ఊపుతోంది. నీళ్ళ హోరులో ఆ మాట ఎక్కడ వినిపిస్తుంది? పిల్ల కళ్ళకి చేతులూపడమంటే రమ్మనడమే. మా వెనక జనం పోగయ్యారు. ఒకరు హిందీలో, ఒకరు హల్బీలో, ఒకరు ఆ ఊళ్ళ భాష దోర్లీలో, నేను తెలుగులో. నాలుగు భాషల్లో అరిచాం. అరిచిన ప్రతిసారీ పిల్ల చెవులు మూసుకుని ఇంకొక అడుగు ముందుకేసింది. ఎవరో కుర్రాడు లుంగీ ఎగ్గట్టి నీళ్ళలోకి దిగబోయాడు. నేను వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. వెనక అడుగు చప్పుడైతే ఆ పిల్ల పరిగెత్తుతుంది. పరిగెత్తితే ఎటు పోతుందో నాకు తెలుసు.

"నోళ్ళు ముయ్యండి! అందరూ! దండం పెడతాను, ఒక్కరు కూడా మాట్లాడొద్దు!" అన్నాను. ముందు హిందీలో, తర్వాత తెలుగులో, తర్వాత ఏ భాషలో అన్నానో నాకే తెలియదు. అందరూ ఊరుకున్నారు. నీళ్ళ చప్పుడు ఒక్కటే మిగిలింది. అధీక్షిక కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

ఇప్పుడేం చెయ్యాలి? నా దగ్గర బోరింగు కార్డు ఉంది, ఉయ్యాల కార్డు ఉంది, కంచం కార్డు ఉంది. 'అవ్వ ఉంది కానీ ఇవాళ కాదు' అనే కార్డు నా దగ్గర లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగం, ఇన్ని శిక్షణలు, ఆ ఒక్క మాట దగ్గర ఒట్టి చేతులతో నిలబడ్డాను. అవతల అవ్వ నెత్తి మీది గంప వైపే చూస్తున్నాను. పిల్లా దాని వైపే చూస్తోంది. అప్పుడు వెలిగింది నాకు. టపటపా రెండు దెబ్బలు. లేచి నిలబడిన పిల్ల. "ఓహో" అన్న నేను.

సైకిళ్ళాయన పాకలో పనిముట్లు పెట్టుకునే పాత గంప ఒకటుంది. వెళ్ళి దాన్ని ఎత్తి, లోపలున్న పానాలూ స్క్రూడ్రైవర్లూ అన్నీ బురదలో గుమ్మరించాను. "అయ్యో మేడం, నా పానాలు!" అని ఆయన గుండె బాదుకున్నాడు. ఖాళీ గంపని రెండు చేతులా నెత్తి మీదికెత్తి, అవ్వకి కనిపించేలా బోర్లించాను. మళ్ళీ ఎత్తాను. మళ్ళీ బోర్లించాను. పిల్ల వీపు నా వైపుంది, నన్ను చూడదు. చూసినా నా గంపతో ఆమెకేం పని? బోర్లించాల్సింది అవ్వ.

అవ్వకి ముందు అర్థం కాలేదు. ఇంటికి పొమ్మంటున్నాననుకుని వెనక్కి తిరగబోయింది. ఆమె తిరిగితే పిల్ల వెంటపడుతుంది! గంపని నేల మీద బోర్లించి దాని అడుగున అరచేత్తో కొట్టాను. రెండు దెబ్బలు. మళ్ళీ రెండు దెబ్బలు. అవ్వ ఆగింది. నా వైపు చూసింది, పిల్ల వైపు చూసింది. అప్పుడు నెత్తి మీది గంప దించింది.

నిండు గంప. పుట్టగొడుగుల కాలం అది. చీకట్లోనే లేచి పుట్టల చుట్టూ తిరిగి ఏరి తెచ్చినవి. అవ్వ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గంపని అలాగే తిరగేసింది. తెల్లగా అన్నీ బురదలో పడ్డాయి, కొన్ని వాగులోకి జారిపోయాయి. ఖాళీ గంపని గట్టు మీద బోర్లించి, వంగి, అడుగున రెండు దెబ్బలు కొట్టింది. చప్పుడు మాకు వినిపించలేదు. చెయ్యి లేవడం, పడడం కనిపించింది.

పిల్ల కదల్లేదు.

ఎంతసేపో చెప్పలేను. అధీక్షిక గోళ్ళు నా మోచేతిలో దిగబడ్డాయి. నీళ్ళు పిల్ల గౌను అంచుని లాగుతున్నాయి. అవ్వ వంగిన మనిషి వంగినట్టే ఉంది. మళ్ళీ రెండు దెబ్బలు కొట్టింది.

పిల్ల వెనక్కి తిరిగింది. తిరిగి చెయ్యి చాపింది. లేచాక కొంగు పట్టుకోవాలి కదా, ఆ కొంగు లేదు. అక్కడే ఆగిపోయింది, చెయ్యి గాల్లో ఉంది. నేను ఆమె మొహంలోకి చూడకుండా, పక్కకి తిరిగి, రప్టా చివర నీళ్ళలో కాలు పెట్టి నా చీర కొంగు చాపాను. నాకు దేవుడి మీద పెద్ద నమ్మకం లేదు. ఆ కాసేపట్లో తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కేశాను. నీళ్ళలో అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. నా కొంగు బిగుసుకుంది.

పిల్ల ముందు, నేను వెనక, హాస్టల్ దాకా నడిచాం. ఆ పిల్లే నన్ను ఇంటికి తోలుకొస్తున్నట్టుంది. తిన్నగా క్లాసులోకి పోయి, చేతిలోని అవ్వ కార్డుని పట్టీ చివరనున్న సంచిలో వేసింది. అయిపోయింది అన్నమాట. అప్పుడు నేను నేల మీద కూలబడి ఏడ్చాను. చిన్న మేడమ్ ఏడ్చింది. అధీక్షిక అయితే హాస్టల్ కప్పు ఎగిరిపోయేలా ఏడ్చి, చివరికి "దీన్ని ఇంటికి పంపించే మాట నేను అనలేదు, మీరు వినలేదు" అని వేడి అన్నం కలిపి పిల్లకి తినిపించింది.

తర్వాతి అంగడికి వాగు తగ్గింది. అవ్వ వచ్చింది. "మీ సరుకంతా పోయింది కదా అవ్వా" అన్నాను నేను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"పుట్టకొక్కులు పోతె పోయినయ్ మేడం, మల్ల వాన పడితె మల్ల మొలుస్తయ్. పిల్ల మొలుస్తదా?" అంది. అని పిల్ల తల నిమిరి, "నువ్వు గంప ఎత్తి బోర్లిస్తాంటె, ఈ మేడంకి పిచ్చి లేసిందనుకున్న గద!" అని పకపకా నవ్వింది. సైకిళ్ళాయన పానాల్లో ఒకటి ఎప్పటికీ దొరకలేదు. నేను అక్కడున్నంత కాలం కనిపించినప్పుడల్లా దాని సంగతి ఎత్తేవాడు.

చిన్న మేడమ్ బోర్లించిన గంప బొమ్మ గీసింది. కింద గీత లేదు, రాత లేదు, గంప ఒక్కటే. ఉయ్యాల తెగితే ఉయ్యాల పక్కన గంప. టీవీ లేకపోతే టీవీ పక్కన గంప. అవ్వ రాకపోతే అవ్వ పక్కన గంప. పిల్ల చూసేది, కాసేపు మూలిగేది, కార్డు తీసి సంచిలో వేసేది. మిగతా పిల్లలూ పట్టుకున్నారు. పప్పు అయిపోయిందని చెప్పడానికి వంటామె కూడా గరిటె బోర్లించేది. తనిఖీకి వచ్చిన ఒక పెద్దమనిషి, "అన్నిటి పక్కనా ఈ గంప ఏమిటి? ఇది ఏ మాడ్యూల్లో ఉంది?" అని అడిగాడు. "అంగడి మాడ్యూల్లో సార్" అన్నాను.

ఇక నా రిటైర్మెంటు. దండలూ శాలువాలూ అవతల పెట్టండి, నా బెంగంతా ఒక్కటే. రేపటి నుంచి నేను రానని ఆ పిల్లకి ఎలా చెప్పాలి? పెద్దవాళ్ళకైతే వీడ్కోలు సభ పెడతారు. ఆమెకి ఏమీ చెప్పకుండా మాయమైతే మళ్ళీ గేటు దాటి వెతుక్కుంటూ పోదా? ముందు రోజు రాత్రి నాకు కునుకు లేదు. పొద్దున్నే క్లాసుకి పోయి పట్టీ మీద నా ఫోటో పెట్టాను. దాని పక్కన బోర్లించిన గంప పెట్టాను. పెట్టి పక్కకి తప్పుకున్నాను.

పిల్ల వచ్చింది. నా ఫోటో చూసింది, గంప చూసింది. చర్రుమని గంప కార్డు పీకింది. ఇప్పుడు విసిరేస్తుందేమో అనుకున్నాను. విసరలేదు. కార్డుని చేతిలో అటూ ఇటూ తిప్పి, తలకిందులుగా మళ్ళీ నా ఫోటో పక్కనే అంటించింది. గంప నోరు పైకి వచ్చింది. అంగడిలో సరుకు పెట్టుకుని కూర్చున్న గంపలాగా. అలా తిప్పవచ్చని ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు, మాకూ తోచలేదు.

బేరం ఇంకా అయిపోలేదట. నేను వెళ్ళి ఆమె పక్కన చాప మీద కూర్చున్నాను. నన్ను చూడలేదు, ముట్టుకోలేదు, చింతగింజలు వరసగా పేర్చుకుంటూ కూర్చుంది. బయట శాలువాతో ఎవరో పిలిచారు. నేను లేవలేదు. బీజాపూర్ పోయే మధ్యాహ్నం బస్సు హారన్ కొట్టింది. నేను లేవలేదు. చిన్న మేడమ్ గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆఖరి గంట కొట్టారు. పిల్ల లేచింది. పట్టీ దగ్గరికి వెళ్ళి గంప కార్డు తీసి, సరిగ్గా తిప్పి పెట్టింది. బోర్లించింది. దాని మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది. ఆ తర్వాత నా దగ్గరికొచ్చి, నేల మీద పడి ఉన్న నా చీర కొంగు ఎత్తి, నా చేతిలోనే పెట్టింది.

నేను లేచి నిలబడ్డాను.